మరణ వాంగ్మూలం కాని మాటలు

మన న్యాయస్థానాల్లో స్త్రీ మాటకి అన్నిటికంటే ఎక్కువ బరువు వచ్చేది ఆమె చనిపోయాక. 2024 దాకా అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టం 32వ సెక్షన్ కాలం నుంచీ, తన చావుకి కారణమేమిటో చెప్పి కన్నుమూసిన మనిషి మాట సాక్ష్యమవుతుంది. ఆ మాట నమ్మదగ్గదని తోస్తే, వేరే సాక్షి లేకపోయినా దానిమీదే శిక్ష వెయ్యొచ్చని 1957లో ఖుషాల్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎనభైల్లో వరకట్న చావుల మీద వీధుల్లోకొచ్చిన మన స్త్రీల సంఘాలకు ఆ కాగితం విలువ బాగా తెలుసు. మేజిస్ట్రేటు వచ్చేదాకా ఆమె మాట్లాడగలుగుతుందా, పక్కన అత్తగారు నిలబడి ఉందా, ఆమె స్పృహలోనే ఉందని డాక్టరు రాశాడా అన్న వాటిమీదే ఎన్నో కేసులు నిలిచాయి, పడిపోయాయి.

అదే మనిషి బతికిందనుకోండి. ఆ కాగితం మరణ వాంగ్మూలం కాకుండా పోతుంది. ఆమె కోర్టుకొచ్చి మళ్ళీ మొదటినుంచీ చెప్పుకోవాలి. ఆస్పత్రిలో చెప్పింది ఇప్పుడు చెప్పేదాన్ని బలపరచడానికో, తప్పుపట్టడానికో మాత్రమే పనికొస్తుంది. పైగా తన ప్రాణం తానే తీసుకోబోయిందని తేలితే, 1860 నాటి శిక్షాస్మృతి 309వ సెక్షన్ కింద ఆమే ముద్దాయి. ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పోయుంటే సాక్షి అయ్యేది, బతికింది కాబట్టి నేరస్తురాలైంది. ఈ ఏర్పాటు ఒకటిన్నర శతాబ్దం పైగా నడిచింది.

నేను చరిత్ర పాఠాలు చెప్పుకునే మనిషిని. ఎవరి మాట ఆధారంగా నిలుస్తుంది, ఎవరి మాట పుకారుగా మిగిలిపోతుంది అన్నది మా వృత్తిలో రోజూ ఎదురయ్యే ప్రశ్న. ఆత్మహత్యల మీద జరిగిన పరిశోధనని కూడా ఈ ప్రశ్నతోనే చదవాలనిపించి కొన్నేళ్ళుగా చదువుతున్నాను. ఆ అంచుదాకా వెళ్ళొచ్చినవాళ్ళనీ, అలా తమ మనిషిని పోగొట్టుకున్నవాళ్ళనీ పరిశోధనలో భాగస్వాములు చెయ్యాలనే మాట ఇప్పుడు ప్రపంచమంతటా గట్టిగా వినిపిస్తోంది. 'లివ్డ్ ఎక్స్‌పీరియన్స్' అంటున్నారు. తెలుగులో 'అనుభవజ్ఞులు' అనే చక్కటి మాట ఒకటి ఉండేది కానీ దాన్ని మనం ఎప్పుడో రిటైరైన ఇంజనీర్లకీ, ముప్పై ఏళ్ళ సర్వీసున్న డాక్టర్లకీ ఇచ్చేశాం.

ఈ శాస్త్రం మొదలైందే చనిపోయినవాళ్ళ లెక్కలతో. ఎమిల్ దుర్ఖైమ్ 1897లో ఫ్రాన్సులో అచ్చేసిన 'ఆత్మహత్య' గ్రంథం సమాజశాస్త్రానికే ఒక పునాదిరాయి అంటారు. ప్రభుత్వ రికార్డుల్లోంచి వేల కేసుల వివరాలు వయసులవారీగా, పెళ్ళి ఉన్నదీ లేనిదీ, పిల్లలున్నదీ లేనిదీ విడదీసి ఆయనకి అందించింది మేనల్లుడు మార్సెల్ మోస్. ఆ లెక్కల్లో దుర్ఖైమ్‌కి ఒక చిక్కు కనబడింది. పెళ్ళి మగవాణ్ణి కాపాడినంతగా ఆడమనిషిని కాపాడటం లేదు. పిల్లలు లేని వివాహితల విషయంలో అయితే కాపాడకపోగా హాని చేస్తోంది. అంతదాకా నిజాయితీగా చూసిన మనిషి, అక్కడ ఆగి ఒక్క స్త్రీని అడిగి ఉంటే ఈ శాస్త్రం చరిత్రే వేరుగా ఉండేది. ఆయన అడగలేదు. స్త్రీ మానసిక జీవితం తక్కువ వికసించిందనీ, అందుకే ఆమెకి పెళ్ళి అనే కట్టుబాటు అంతగా అవసరం పడదనీ ఒక వివరణ ఇచ్చుకున్నాడు. మితిమీరిన కట్టడిలో ఊపిరాడనివాళ్ళ చావులకి ఒక పేరు పెట్టి, అందులోకి మరీ చిన్న వయసు భర్తల్నీ, పిల్లల్లేని భార్యల్నీ, బానిసల్నీ చేర్చి, ఇప్పటి కాలంలో దానికి పెద్ద ప్రాముఖ్యం లేదని ఒక అధోజ్ఞాపికలో పెట్టేశాడు. మన ఇళ్ళు చూసినవాళ్ళెవరికైనా ఆ అధోజ్ఞాపికే అసలు పుస్తకం అనిపిస్తుంది.

తర్వాతి పెద్ద మలుపు అమెరికాలో. 1949లో ఎడ్విన్ ష్నైడ్‌మన్ అనే యువ మనస్తత్వవేత్తకి లాస్ ఏంజెలెస్ కౌంటీ కరోనర్ ఆఫీసు రికార్డుల గదిలో, చనిపోయినవాళ్ళు రాసిపెట్టిన వందలాది ఉత్తరాలు దొరికాయి. నార్మన్ ఫార్బెరోతో కలిసి ఆయన ఒక పోలిక తయారుచేశాడు. నిజమైన ఉత్తరాలు 33 ఒక పక్క. అలాంటి ఉద్దేశం ఏదీ లేనివాళ్ళని అడిగి ఊహించి రాయించిన ఉత్తరాలు 33 మరో పక్క. 1957లో అచ్చయిన ఈ పని మీద దశాబ్దాల పాటు ఎంతోమంది మళ్ళీ మళ్ళీ పరిశోధనలు చేశారు. ఆ 33 మందీ తెల్లవాళ్ళు, ప్రొటెస్టెంట్లు, అక్కడే పుట్టినవాళ్ళు, 25 నుంచి 59 ఏళ్ళలోపు మగవాళ్ళు. ఆత్మహత్యకి ముందు మనిషి ఎలా ఆలోచిస్తాడో చెప్పే శాస్త్రానికి ముడిసరుకు అది! ఆ మనఃస్థితిని చూసి బతికొచ్చినవాళ్ళు అదే నగరంలోని ఆస్పత్రుల్లో వందల్లో ఉండగా, ఎప్పుడూ ఆ దారిన పోనివాళ్ళని ఊహించి రాయమనడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. ష్నైడ్‌మన్ చిన్న మనిషి కాదు. అంత బాధలో ఉన్న మనిషి రాసిన ఆఖరి ఉత్తరం మనం ఆశించినంత చెప్పలేదని తర్వాత తనే ఒప్పుకున్నాడు. 1958లో ఆయనా, సహచరులూ లాస్ ఏంజెలెస్‌లో నడిపిన కేంద్రం ఎంతోమందికి ఆసరా అయింది.

'సైకలాజికల్ అటాప్సీ' అనే పద్ధతి పుట్టిందీ అక్కడే. మనిషి పోయాక ఇంటివాళ్ళనీ, స్నేహితుల్నీ కూర్చోబెట్టి అడిగి, పోయిన మనిషి మనసు ఎలా ఉండేదో కట్టుకురావడం. ప్రపంచమంతా దీన్ని అనుసరించింది. చెన్నైలో కూడా లక్ష్మీ విజయకుమార్, రాజ్‌కుమార్ చేసిన అధ్యయనం 1999లో వచ్చింది. మంచి పనులే. అయితే నార్వేకి చెందిన హైదీ యెల్మెలాండ్, ఆమె సహచరులు 2012లో ఒక గట్టి ప్రశ్న వేశారు. మనిషి పోయిన తర్వాత ఇంకొకరిని అడిగి ఆ మనిషికి మానసిక వ్యాధి నిర్ధారణ చెయ్యడం ఎలా కుదురుతుందని. మన దగ్గర ఆ ప్రశ్నకి ఇంకో ముడి కూడా ఉంది. కోడలు చనిపోయింది. ఇంటికెళ్ళి అడుగుతాం. చెప్పేదెవరు?

తెలుగు దినపత్రికల జిల్లా పేజీలు చదివేవాళ్ళకి జవాబు తెలుసు. 'కడుపునొప్పి తాళలేక', 'మనస్తాపంతో', 'జీవితంపై విరక్తి చెంది'. ఈ మూడు మాటలతో మన భాష ఎంతమంది స్త్రీల జీవితాలకి ముగింపు రాసిందో లెక్క లేదు. కడుపునొప్పి అబద్ధమని అనను. రక్తహీనత, గర్భసంచి జబ్బులు, నెలసరి నరకం మన ఆడవాళ్ళకి కొత్తేం కాదు. కానీ పంచనామాలో ఆ మాట రాయించినవాళ్ళు ఎవరన్నది కూడా చరిత్రే. 1983లో చట్టం మార్చి, పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ చనిపోతే శవపరీక్ష, మేజిస్ట్రేటు విచారణ పెట్టింది ఆ కడుపునొప్పి మీద అనుమానంతోనే. ఎనిమిదో ఏడు మొదలయ్యాక మళ్ళీ కడుపునొప్పే.

ఆ పంచనామాలన్నీ కలిసి చివరికి జాతీయ నేర గణాంక సంస్థ పట్టికలవుతాయి. 2021 పట్టికలో ఆత్మహత్యతో చనిపోయిన స్త్రీలు 45,026 మంది. అందులో 23,178 మంది 'గృహిణులు'. మగా ఆడా కలిపి మూడో వంతు చావులకి కారణం 'కుటుంబ సమస్యలు'. 1990 నుంచి 2016 దాకా లెక్కలు చూసి 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో అచ్చయిన అధ్యయనం, ప్రపంచంలో ఆత్మహత్యతో పోతున్న స్త్రీలలో నూటికి దాదాపు 37 మంది మన దేశంవాళ్ళేనంది. ఇంత పెద్ద సంఖ్య పక్కన 'కుటుంబ సమస్యలు' అన్న రెండు మాటలు! కుటుంబంలో ఎవరికి సమస్య, ఎవరితో సమస్య అని అడగడానికి ఆ గడిలో చోటు లేదు. ఆ గడిని నింపేది స్టేషన్లో రైటరు.

ఇక బతికొచ్చినవాళ్ళ సంగతి. బ్రిటన్‌లో ఎర్విన్ స్టెంగెల్, నాన్సీ కుక్ 1958లో తెచ్చిన పుస్తకం ఆత్మహత్యా ప్రయత్నం అనేది వేరే ఘటన అనీ, అందులో ఇతరులకి వేసే ఒక కేక ఉంటుందనీ చెప్పింది. మంచి ఉద్దేశంతో చెప్పిన మాట. చాలా దేశాల్లో ఆ ప్రయత్నాల్లో స్త్రీలే ఎక్కువ కాబట్టి, ఆ కేక కాస్తా వార్డుల్లోకి వచ్చేసరికి 'అటెన్షన్ కోసం' అయింది. 1969లో ఎడిన్‌బరోలో నార్మన్ క్రైట్‌మన్, సహచరులూ దీనికి 'పారాసూయిసైడ్' అని పేరు పెట్టారు. అసలుది కాదు, దాని పక్కది అన్నట్టు. మన ఇళ్ళలో దీనికి వేరే పేర్లున్నాయి. 'బెదిరింపు', 'నాటకాలు', 'నిజంగా చావాలనుకున్నదైతే...' ఆ వాక్యం పూర్తి చెయ్యను. విన్నవాళ్ళకి తెలుసు. సిల్వియా కనెట్టో 1998లో ఒక విషయం చూపించింది. ప్రయత్నాల్లో స్త్రీలు, మరణాల్లో పురుషులు ఎక్కువన్న లెక్క చుట్టూ ప్రతి సమాజం ఒక అర్థం అల్లుతుంది. చావడం మగతనం, బతకడం ఆడతనం, బతికితే అది వైఫల్యం. 'విఫలయత్నం' అన్న తెలుగు మాటలో ఉన్నది అదే కదా. ప్రాణంతో ఉండటాన్ని వైఫల్యం అనే భాష మనది.

ఇంగ్లీషులో 'సర్వైవర్' అన్న మాట కూడా వీళ్ళకి చాలాకాలం దక్కలేదు. 1972లో ఆల్బర్ట్ కెయిన్ సంపాదకత్వంలో ఆ మాటని శీర్షికలో పెట్టుకుని వచ్చిన పుస్తకం కుటుంబాల గురించి. పోయినవాళ్ళ తల్లులూ, భార్యలూ, పిల్లలూ సంఘాలు కట్టుకున్నారు. నిధులు కూడబెట్టి పరిశోధనలు చేయించారు, చట్టసభల తలుపులు కొట్టారు. ఆ దుఃఖానికి గౌరవం దొరకడం న్యాయం. కానీ తిరిగొచ్చిన మనిషి ఆ సభకి వస్తే ఏ కుర్చీలో కూర్చోవాలో తెలియదు. ష్నైడ్‌మన్ 1968లో స్థాపించిన అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ సూయిసిడాలజీలో ప్రయత్నం నుంచి బయటపడ్డవాళ్ళకంటూ ఒక విభాగం 2014లో వచ్చింది. నలభై ఆరేళ్ళు! అదే ఏడు అక్కడి జాతీయ కూటమి కోసం వాళ్ళే కూర్చుని రాసిన నివేదిక 'ది వే ఫార్వర్డ్' వెలువడింది.

అయితే ఈ కథ 2014లో మొదలైందని రాసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. అది వృత్తి సంఘాల క్యాలెండరు. స్త్రీల క్యాలెండరు వేరు. 1986లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో, మానసిక సంక్షోభంలో ఉన్న స్త్రీల కోసం స్త్రీలే ఒక సంస్థ పెట్టుకున్నారు. బ్రిస్టల్ క్రైసిస్ సర్వీస్ ఫర్ విమెన్ దాని పేరు. తమని తాము గాయపరచుకునే స్త్రీలని 76 మందిని వాళ్ళు అడిగి తెలుసుకున్నారు. లోయిస్ ఆర్నాల్డ్ రాసిన ఆ నివేదిక 1995లో వచ్చింది. ఆత్మహత్యా, స్వీయగాయమూ ఒకటి కావు, ఆ తేడాని గట్టిగా చెప్పింది కూడా ఇలాంటి స్త్రీలే. డాక్టర్లు అడిగే ప్రశ్న 'మీకేమిటి జబ్బు?' అయితే, వీళ్ళు అడిగింది 'మీ జీవితంలో ఏం జరిగింది, ఆస్పత్రిలో మీతో ఎలా మాట్లాడారు?' అని. మొదటి ప్రశ్నకి బాల్యంలో జరిగిన లైంగిక హింస బయటికొచ్చింది. రెండోదానికి అవమానాలు బయటికొచ్చాయి. అంతకు ముందు ఏడాదే లూయీజ్ పెంబ్రోక్ స్వీయగాయం గురించి అనుభవించినవాళ్ళ రచనలతో ఒక పుస్తకం తెచ్చింది. 'నీ చేతులారా చేసుకున్నదే కదా' అని మత్తు ఇవ్వకుండా కుట్లు వేసిన సంగతులు వాళ్ళు పదేపదే చెప్పారు. 2004లో బ్రిటన్ జాతీయ వైద్య ప్రమాణాల సంస్థ స్వీయగాయం మీద మార్గదర్శకాలు తయారుచేసినప్పుడు, ఆ బృందంలో చికిత్స పొందినవాళ్ళు కూడా కూర్చున్నారు. అందులో ఒక సూచన, కుట్లు వేసేటప్పుడు ఇలాంటివాళ్ళకి కూడా తగినంత మత్తు, నొప్పి మందు ఇవ్వాలని. ఒక దేశం ఈ వాక్యాన్ని కాగితం మీద పెట్టవలసి వచ్చిందంటే అంతకుముందు ఏం జరిగేదో ఊహించుకోవచ్చు. ఏ గణాంకమూ పట్టుకోలేని విషయం అది. కుట్టించుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

అడిగేవాళ్ళు మారితే జవాబు మారుతుందన్నది భావోద్వేగపు మాట కాదు, కొలిచి చూపించిన మాట. 2001లో లండన్ కింగ్స్ కాలేజీలో చికిత్స పొందినవాళ్ళే పరిశోధకులుగా ఒక కేంద్రం మొదలైంది. అందులోని డయానా రోజ్, ఆమె సహచరులు విద్యుత్ షాక్ చికిత్స గురించి రోగుల అభిప్రాయాల మీద వచ్చిన అధ్యయనాలన్నీ వరసపెట్టి చూసి 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. డాక్టర్లే, చికిత్స అయిన వెంటనే, చిన్న ప్రశ్నాపత్రంతో అడిగినచోట సంతృప్తి ఎక్కువ. రోగుల సంస్థలు అడిగినచోట తక్కువ. కనీసం మూడో వంతు మంది జ్ఞాపకశక్తి పోయి తిరిగి రాలేదన్నారు. ఆ చికిత్స మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ నా చర్చ కాదు. మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికే వెళ్ళాల్సిన మనిషి ఆ డాక్టరుకి ఏం జవాబిస్తుంది? ఇప్పుడు ఆ డాక్టరు స్థానంలో ఎస్సైని పెట్టండి, పక్క మంచం దగ్గర భర్తని నిలబెట్టండి.

ఇంకో చిత్రం ఏమిటంటే, బతికొచ్చినవాళ్ళు పరిశోధనలో ఎప్పటినుంచో ఉన్నారు. చెప్పుకోలేదంతే. పదేపదే చావు అంచుకి వెళ్ళే స్త్రీల కోసం మార్షా లినెహాన్ రూపొందించిన చికిత్స మీద మొదటి పరీక్ష 1991లో వచ్చింది. బాధని మార్చడానికి ముందు దాన్ని తట్టుకుని ఆ గంట దాటించడం నేర్పాలన్నది అందులో కీలకం. 2011 జూన్‌లో ఆమె హార్ట్‌ఫర్డ్‌లోని ఒక మానసిక వైద్యశాలలో, తాను 1961లో పదిహేడేళ్ళ వయసులో రోగిగా చేరిన చోటే నిలబడి, ఇదంతా తన జీవితంలోంచి వచ్చిందని చెప్పింది. అన్నేళ్ళూ ఎందుకు దాచిందో వేరే చెప్పాలా? ముందే చెప్పి ఉంటే ఆమె సిద్ధాంతాన్ని 'కేస్ హిస్టరీ' అనేవాళ్ళు. ఆస్ట్రేలియాలో డేవిడ్ వెబ్ దాచకుండా, తాను ఆ అంచు చూసినవాణ్ణని చెప్పుకునే 2006లో మెల్‌బోర్న్‌లోని విక్టోరియా యూనివర్సిటీ నుంచి పిహెచ్.డి. తీసుకున్నాడు. ఈ శాస్త్రంలో 'నేను' అనే సర్వనామం ఎక్కడా కనబడదన్నది ఆయన మొదటి ఫిర్యాదు. స్త్రీవాదులకి ఈ ఫిర్యాదు ఎక్కడో విన్నట్టు ఉంటుంది.

విన్నట్టే కాదు, మన దగ్గర చేసి చూపించిన పని కూడా ఉంది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో చెప్పుకున్న చరిత్ర. పార్టీ చరిత్రలు ఏనాడో వచ్చేశాయి, వాటిలో లేనిదల్లా 'పోరాటం అయ్యాక మీరు ఇంటికెలా వెళ్ళారు?' అన్న ప్రశ్న. ఆ ప్రశ్న అడిగింది కాబట్టే ఆ పుస్తకం నిలిచింది. దాన్ని చదివి పెరిగిన మా తరం స్త్రీలకి, మాట్లాడే మనిషి ముడిసరుకు కాదన్న సంగతి ఎవరూ విదేశం నుంచి వచ్చి చెప్పక్కర్లేదు.

అంత మాత్రాన బతికినవాళ్ళని పిలిచి చెప్పించుకుంటే సరిపోతుందని నేను అనుకోవడం లేదు. చెప్పించుకోవడంలో కూడా దోపిడీ ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వచ్చిన జీవో 421 కింద, రైతు ఆత్మహత్య చేసుకుంటే కుటుంబానికి లక్షన్నర. దానికి ముందు మండలంలో ఎమ్మార్వో, ఎస్సై, వ్యవసాయాధికారి ముగ్గురూ విచారణ చేసి అది 'నిజమైన' రైతు ఆత్మహత్యేనని తేల్చాలి. ఆ పైన డివిజన్ స్థాయిలో ఇంకోసారి. తెలంగాణ వచ్చాక 2015లో జీవో 194 ఆ మొత్తాన్ని ఆరు లక్షలకి పెంచింది, తేల్చడం మాత్రం అలాగే ఉంది. పట్టా ఎవరి పేరున, అప్పు ఎవరి దగ్గర, నోటు ఉందా. పొలంలో పగలంతా పనిచేసి చనిపోయిన స్త్రీ పేరున పట్టా ఉండదు కాబట్టి ఆమె చావు రైతు చావు కాదు, గృహిణి చావు. కౌలుదారు భార్య దగ్గర చూపించడానికి కాగితమే ఉండదు. భర్త పోయిన స్త్రీ తన దుఃఖాన్ని పత్రాలుగా మార్చి నిరూపించుకోవాలి. ఇది కూడా ఒక రకం పరిశోధనే, ఒక రకం సైకలాజికల్ అటాప్సీయే. 2018లో వచ్చిన రైతు బీమా చావుకి కారణం అడగకుండా ఐదు లక్షలు ఇవ్వడం మొదలుపెట్టాక, పట్టా ఉన్న ఇళ్ళకి ఆ పరీక్ష తప్పింది. పట్టా లేనివాళ్ళకి పరీక్ష రాసే హక్కే పోయింది.

2016 ఎండాకాలంలో స్నేహితులతో కలిసి వరంగల్ జిల్లాలో అలాంటి కొన్ని ఇళ్ళకి వెళ్ళాను. ఒకామెకి యాభై దాటి ఉంటాయి. మా నోటు పుస్తకాలు చూసి నవ్వింది. "మీరెన్నోవాళ్ళో లెక్క తప్పిన బిడ్డా," అంది. పోలీసులు, ఎమ్మార్వో ఆఫీసోళ్ళు, బ్యాంకోళ్ళు, పేపరోళ్ళు, టీవీవాళ్ళు, యూనివర్సిటీ పిల్లలు, సంఘాలవాళ్ళు అని వేళ్ళు మడిచింది. "వచ్చినోళ్ళందరు ఆయన సంగతే అడిగిన్రు. ఏం తిన్నడు, ఏం మాట్లాడిండు, అప్పెంత. నా సంగతి ఒక్కలన్న అడుగలె." ఏం అడగాలి అవ్వా అంటే, ఆయన పోయినంక తను ఆర్నెల్లు బావి దిక్కు పోలేదని చెప్పింది. ఎందుకు పోలేదో ఆమె చెప్పలేదు, మేం రెట్టించలేదు. ఆ మాట ఎవరి పట్టికలోనూ లేదు. ఆమెని భర్త మరణానికి సాక్షిగానే చూసిన మన పరిశోధన, ఆమె కూడా ఆ అంచున నిలబడి వెనక్కి వచ్చిన మనిషి కావచ్చని తలచనే లేదు.

ఇలాంటివాళ్ళని అడగకపోవడానికి ఎప్పుడూ చెప్పే కారణం ఒకటుంది. అడిగితే గాయం రేగుతుంది, లేని ఆలోచన పుడుతుంది, వాళ్ళ రక్షణ కోసమే అడగడం లేదు అని. ఎథిక్స్ కమిటీలు ఈ మాటతోనే ఎన్నో ప్రతిపాదనలు వెనక్కి పంపాయి. 2005లో మడలిన్ గూల్డ్ బృందం న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్ళలో 2,342 మంది పిల్లల మీద దీన్ని పరీక్షించింది. ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగిన పిల్లల్లో, అడగని పిల్లలకంటే బాధగానీ ఆ ఆలోచనగానీ పెరగలేదు. 2014లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్ని కలిపి చూసినవాళ్ళకీ హాని కనబడలేదు. గాయం రేపే పద్ధతిలో అడగొచ్చు కూడా, అది నిజం. పక్కన తోడు మనిషి లేకుండా, మధ్యలో ఆపే వీలు లేకుండా, అడిగేసి రాత్రికి ఆమెని ఒంటరిగా వదిలేసి బస్సెక్కేస్తే హాని తప్పదు. దానికి విరుగుడు అడగకపోవడం కాదు. ఎలా అడగాలో ఆ దారిన వెళ్ళొచ్చినవాళ్ళ దగ్గరే నేర్చుకోవాలి.

మన దేశంలో మానసిక ఆరోగ్యం గురించి ఈ దిక్కు నుంచి మాట్లాడినవాళ్ళలో భార్గవి దావర్‌ని మరిచిపోకూడదు. తల్లిని మానసిక వైద్యశాలల్లో బంధించడం చిన్నప్పుడే చూసిన మనిషి. 1999లో 'మెంటల్ హెల్త్ ఆఫ్ ఇండియన్ విమెన్' రాసింది, పూనాలో బాపూ ట్రస్టు పెట్టింది. 2024లో పోయింది. ఆమె వాదనలన్నిటితో నేను ఏకీభవించను. మందులతో కుదుటపడిన నా స్నేహితురాళ్ళున్నారు. కానీ లోపల ఉన్నవాళ్ళని అడగకుండా లోపలి గురించి రాయకూడదని ఈ దేశంలో గొంతెత్తి చెప్పింది ఆమె.

చట్టం ఈలోగా కొంత కదిలింది. 309వ సెక్షన్ చెల్లుతుందని 1987లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, చెల్లదని 1994లో సుప్రీంకోర్టు, చెల్లుతుందని మళ్ళీ 1996లో అదే సుప్రీంకోర్టు అన్నాయి. 2017 మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టం, ఆ ప్రయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగా భావించి శిక్షించకూడదంది. 2024 జూలై 1న కొత్త న్యాయ సంహిత వచ్చినప్పుడు 309 పోయింది. ప్రభుత్వోద్యోగిని బలవంతపెట్టడానికి చేస్తే మాత్రం నేరమేనని 226వ సెక్షన్ పెట్టారు. ఆఫీసు ముందు తెగించే రైతు గతేమిటో మరి! నేరస్తురాలు అన్న ముద్ర పోవడం చిన్న విషయం కాదు. అయితే ముందు నేరం అని ఊహించారు, ఇప్పుడు ఒత్తిడి అని ఊహిస్తున్నారు. రెండు చోట్లా ఆమె నోటి మాట అక్కర్లేకపోయింది.

ఆ తర్వాతి రోజుల్లో తోడుంటే ఏమవుతుందో చూపించిన అధ్యయనం ఒకటి మన పక్కనే జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో, అందులో చెన్నై ఒకటి, ప్రయత్నం తర్వాత ఆస్పత్రికొచ్చిన 1,867 మందితో చేసిన పని 2008లో అచ్చయింది. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి అదనంగా ఒక గంట మాట్లాడటం, ఆ పైన పద్దెనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు ఫోనులోనో ఇంటికొచ్చో పలకరించడం. మొదటి సగంలో ఆత్మహత్యతో పోయినవాళ్ళు 2.2 శాతం, రెండో సగంలో 0.2 శాతం. తొమ్మిది పలకరింపులు! 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416కి రాత్రీపగలూ ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. అది మంచిదే. కానీ అది మనం చేస్తే పలికే ఫోను. అటునుంచి చేసి పలకరించేది ఇంకా రావాలి.

కిందటేడు ఒక పరిశోధన బృందం తమ ప్రశ్నాపత్రం తెలుగు సరిచూడమని నా దగ్గరికి పంపింది. ఆ అంచుదాకా వెళ్ళొచ్చిన ఇద్దరు స్త్రీలని సలహాదారులుగా పెట్టుకున్నారు. రోజు కూలీ లెక్కన డబ్బూ, బస్సు ఛార్జీలూ ఇచ్చారు. ముగ్గురం కూర్చున్నాం. నలభై పైచిలుకు ప్రశ్నలు. మొదటి పేజీలో 'విఫలయత్నం జరిగిన తేదీ' అని ఉంది. వాళ్ళిద్దరూ దాన్ని కొట్టేయించి 'ఆ దినం' అని రాయించారు. 'ఆ దినం ఎన్నడో మీకెరుకే కదా, ఎప్పుడని అడుగుడెందుకు, ఆస్పత్రి చిట్టీల ఉంటది' అని పెద్దామె తేదీ గడి కూడా తీయించింది. ప్రశ్నలన్నీ ఆ దినానికి ముందరివే. ఏం గొడవైంది, ఎవరితో, ఎన్నాళ్ళుగా. చిన్నామె చివరిదాకా ఓపిగ్గా విని, ఇంటికొచ్చాక సంగతి ఎక్కడుందని అడిగింది. లేదన్నాను. ఆమె చెబుతుంటే నేను రాసుకున్నాను: 'దవాఖాన నుంచి ఇంటికొచ్చినంక మీతోని ఎవరు ఎట్ల మాట్లాడిన్రు? ఎవరు మాట్లాడలే?' బృందంవాళ్ళు ఒప్పుకుని ఆ ప్రశ్న చేర్చారు, జవాబుకి రెండు గీతలు వదిలారు. రెండు గీతలు చాలవని, పేజీ అంతా వదలమని ఆమె కబురు పంపింది. పేజీ వదిలారు. ఫారం ఇప్పుడు ఎథిక్స్ కమిటీ దగ్గర ఉంది.